నాకిచ్చిన జీడితోట

మా ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. మిలట్రీ అంటారు. మా ఆవిడ మిలట్రీ పెళ్లాం, మా ఇల్లు మిలట్రీ ఇల్లు. మా కుక్కని కూడా మిలట్రీ కుక్క అనే అంటారు గాని, అది పిల్లిని చూసినా తోక ముడుస్తుంది. విజయనగరం జిల్లాలో సముద్రం ఒడ్డున వలలు ఎండేసుకునే ఊరు మాది. అక్కడి నుంచి సైన్యంలో చేరి, మంచుకొండల మీద లారీ తోలి, హవల్దారుగా దిగి వచ్చాను. తుపాకీ పేల్చింది ట్రైనింగులోనూ, ఏటేటా పెట్టే ప్రాక్టీసులోనూ తప్ప మరెక్కడా లేదు. యుద్ధం చూడలేదని నేనెంత చెప్పినా మా వాళ్లు నమ్మరు. మొదట్లో చెప్పి చూశాను, తర్వాత వాళ్ల సరదా ఎందుకు పాడుచెయ్యాలని మానేశాను.

ఇప్పుడు ఒక స్కూలు బస్సు నడుపుతున్నాను. పింఛను వస్తుంది, క్యాంటీను కార్డు ఉంది, ఒంట్లో బాగోకపోతే చూపించుకోడానికి ఇంకో కార్డు ఉంది. వీటిని వాడుకోవడంలో నాకెప్పుడూ మొహమాటం లేదు. పైగా నాకు నోరెక్కువ. కౌంటరు దగ్గర ఎవరైనా రేపు రమ్మంటే, ఏ రూలు ప్రకారం రేపు రావాలో చెప్పమని అక్కడే నిలబడతాను. ఆదివారాలు విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర టీకొట్టులో మా మాజీ సైనికులం నలుగురం చేరతాం. మాలో ఒక రిటైరు సుబేదారు ఉన్నాడు. ఆయనకి జీవోలన్నీ నోటికి వచ్చు. భూమి లేని మాజీ సైనికుడికి ప్రభుత్వం సాగుభూమి ఇచ్చే రూలు ఉందని నాకు చెప్పింది ఆయనే.

ఆ మాట వినగానే నాకు ఆశ పుట్టింది. మా వంశంలో ఎవరికీ సెంటు నేల లేదు. మేముంటున్న ఇల్లు కూడా ప్రభుత్వం ఇసుక మీదే ఉంది. మా ఆవిడ నా మేనమామ కూతురు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎండుచేపల గంప ఎత్తుకుని రైలెక్కి చీపురుపల్లి వెళ్లి, అక్కడి నుంచి చుట్టుపక్కల పల్లెలు తిరిగి అమ్మింది. రైతుల వాకిళ్లలో గంప దించి, వాళ్ల పొలాల సంగతులు వింటూ కూర్చునేదట. వాళ్లతో సమానంగా మాట్లాడటానికి తన దగ్గర ఏమీ ఉండేది కాదట. భూమి సంగతి చెప్పగానే ఆమె చేస్తున్న పని ఆపేసింది.

"నిజంగా ఇస్తారేటి బావా? మన పేరు మీదే?"

"రూలు ఉన్నాది. ఇవ్వకపోతే నాను ఊరుకుంటానేటి?"

ఊరుకోలేదు. తిరగవలసిన చోట్లన్నీ తిరిగాను. మా ఒడ్డున ఇవ్వడానికి భూమి లేదన్నారు. గజపతినగరం అవతల కొండవార పోరంబోకు ఉంది, తీసుకుంటారా అన్నారు. మ్యాపు మీద చూపించారు. ఖాళీ అని రాసి ఉంది. తీసుకుంటానన్నాను. జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేశాక శాలువా కప్పి, పట్టా చేతిలో పెట్టారు. మా ఆవిడ ఆ రోజు వీధి వీధంతటికీ చేపలు వేయించి పెట్టింది. నేను కూడా కాస్త ఛాతీ విరుచుకునే తిరిగాను, దాచడం ఎందుకు.

మార్చిలో ఒక సెలవురోజు సర్వేయరుని వెంటపెట్టుకుని భూమి చూడ్డానికి వెళ్లాను. సర్వేయరు కుర్రతనం పోని మనిషి. ఫోను చెవి దగ్గర నుంచి దించకుండానే ఆ రాయి నుంచి ఈ గెడ్డ దాకా అని చెయ్యి చూపించాడు. గెడ్డ అంటే మా వైపు కొండల్లోంచి దిగే వాగు. నేను అనుకున్నది ముళ్లపొదలూ రాళ్లూ. అక్కడున్నది జీడితోట. కాపు మీద ఉంది. ఎర్రటివీ పసుపువీ పళ్లు వేలాడుతున్నాయి, ఆ వాసన దారిలోనే తగిలింది.

"చెట్లు కూడా ఉన్నాయే" అన్నాను.

"ఎవరో వేసుంటారు. మీకేటండీ, భూమి మీది" అని అతను బండెక్కి వెళ్లిపోయాడు.

నాకు సంతోషమే కలిగింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గాని, ఆ నిమిషంలో కలిగింది మాత్రం సంతోషమే. మేం సముద్రం మనుషులం. సముద్రానికి గట్లుండవు. కంచె లేని చోటు ఎవరిదీ కాదనుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. చుట్టూ కంచె లేదు, గుడిసె లేదు, బోర్డు లేదు. ఫారెస్టు వాళ్లు నాటి వదిలేశారేమో, మా అదృష్టం బాగుంది అనుకున్నాను. చెట్ల మొదళ్లలో పాదులు తీసి ఉన్నాయి. ఏరిన రాళ్లన్నీ ఒక పక్క పేర్చి ఉన్నాయి. అవన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి, నేను చూడలేదు.

చెట్ల మధ్య నుంచి ఒక ముసలావిడ వచ్చింది. వెనకాల ఆమె కోడలు, నెత్తి మీద తట్టతో. నేను పాత మిలట్రీ ప్యాంటు వేసుకుని ఉన్నాను, చంకలో ఫైలు ఉంది. ముసలావిడ నన్ను కిందా మీదా చూసి మొహం ఇంత చేసుకుంది.

"నువ్వేనా బావూ, మా పట్టాల కోసం సూడ్డానికొస్తానన్న ఆఫీసరు?"

బావూ అంటే మా వైపు చనువుగా బాబూ అనడమే, ఆఫీసరు సంగతే నాకు అర్థం కాలేదు. "ఆఫీసర్ని కాదమ్మా. మిలట్రీల సేసొచ్చినాను" అన్నాను. ఆ మాటతో ఆమె పొరపాటు తీరిపోతుందనుకున్నాను. ఇంకా పెరిగింది.

"మిలట్రీయా! మరింకేటి, నీ మాటైతే గవర్నమెంటు తోసెయ్యదు. ఒసే అమ్మీ, మిలట్రీ బావొచ్చినాడు, అంబలి అట్టుకురాయే!"

అంబలి వచ్చే లోపల ఆమె నాకు అంతా చెప్పేసింది. సోమవారం నాడు కలెక్టరాఫీసుకి వెళ్లి అర్జీ పెట్టుకున్నారు. ఎవరో ఒకరు వచ్చి చూస్తారని చెప్పి పంపించారు. అప్పట్నుంచి దారి మీద ఎవరు కనబడినా వాళ్లే అనుకుంటున్నారు. ఆ రోజు నేను కనబడ్డాను.

"ఈ సెట్లు మా ముసిలోడు నాటినాడు. ఆ వరస నా కోడలు కాపరానికొచ్చిన ఏడు ఏసినాం. ఎండలకి సచ్చిపోతాయని గెడ్డలోంచి కడవలతోటి నీళ్లు మోసినాం బావూ. ముసిలోడు పోయినాడు, నా కొడుకు సాలూరు లారీల మీద తిరగతన్నాడు. మాకింకేటి నేదు, ఈ పిక్కే మా కూడు." పిక్క అంటే జీడిగింజ. "రాసుకుంతన్నావా?"

నాకు తల కొట్టేసినట్టయింది. చంకలో ఉన్న ఫైలులో నా పట్టా ఉంది. చెప్పెయ్యవలసిన సమయం అదే. అమ్మా, నేను మీ భూమి కోసం వచ్చినవాణ్ని కాదు, మీ భూమి తీసుకున్నవాణ్ని అని ఒక్క మాట. ఏ కౌంటరు దగ్గరా తగ్గని నోరు, ఆ ముసలావిడ ముందు పెగల్లేదు. జేబులోంచి పెన్ను తీసి, అరచేతిలో ఏదో గీసినట్టు నటించాను.

కోడలు సత్తు గిన్నెలో చోడి అంబలి, అంటే రాగంబలి, పోసి, పక్కన ఉల్లిపాయా పచ్చిమిరపకాయా పెట్టింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. తాగాను. చల్లగా, పుల్లగా, ఎంతో బాగుంది. ఇంకొంచెం పొయ్యమన్నాను కూడా. వాళ్ల నేల మీద, వాళ్ల చెట్టు నీడలో కూర్చుని, వాళ్ల కూడు లాక్కోడానికి వచ్చినవాణ్ని రెండోసారి పోయించుకుని తాగాను. సిగ్గు అనేది మనిషికి ఆకలి తీరాక వస్తుందేమో, నాకు మాత్రం అలాగే వచ్చింది.

లేచేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఈ నేల మాకొస్తాదంతావా బావూ?"

"వస్తాదమ్మా" అన్నాను.

దారి పొడుగునా నన్ను నేను తిట్టుకుంటూనే వచ్చాను. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆమె చేపల గంపలో గోనె సర్దుతూ, తల ఎత్తకుండా, "మరి మనకో?" అంది.

"ఆళ్ల నేల మనకేటే?"

"ఆళ్లదైతే ఆళ్లకే ఇద్దురు కదా. మనకెందుకిచ్చినారు? నువ్వు దొంగిలించినావా? నాను ఎళ్లగొట్టమన్నానేటి? ఆళ్లే సేసుకుంతారు, మన పాలు మనకిస్తారు. మా నాన్న పడవెక్కకుండా ఎన్నేళ్లు పాలు తీసుకోనేదు? ఎవులేటన్నారు? పడవ ఎవులిదో పాలు ఆళ్లది."

మా దగ్గర అదే పద్ధతి. పడవ గలవాడు సముద్రం మీదికి వెళ్లినా వెళ్లకపోయినా పట్టిన చేపలో అతని వాటా పక్కన పెడతారు. దాన్ని పాలు అంటాం. అందులో ఎవరికీ తప్పు కనబడదు. నాకూ ఎప్పుడూ కనబడలేదు. అయినా ఆమె మీద గట్టిగా అరిచాను. ఇన్నేళ్లు గంప మోసిన మనిషి ఒక్కసారి ఒక ముక్క నేల తనదనుకుంది, దాన్ని నేను లాగేసుకుంటున్నాను. ఒకే పట్టాతో అక్కడ ఒక ఆడమనిషికీ ఇక్కడ ఒక ఆడమనిషికీ అన్యాయం చేసే ఘనత నాకు దక్కింది.

ఆదివారం టీకొట్టులో సుబేదారు గారికి చెబితే ఆయనకి కోపం వచ్చింది. "చట్టం మనకిచ్చిందయ్యా. మనం ఎవరి దగ్గరా గుంజుకోలేదు. నువ్వు వదిలేశావంటే మనందరి హక్కూ అలుసైపోతుంది" అన్నాడు.

"చట్టం ఖాళీ భూమి ఇమ్మంది సార్. ఉడుకుతున్న కుండ దించి ఇమ్మనలేదు" అన్నాను.

మాటకి మాట బాగానే అన్నాను గాని, ఆ చట్టాన్ని పట్టుకుని అన్ని చోట్లా తిరిగింది నేనే. మ్యాపులో ఖాళీ అని రాసినవాడు ఆ కొండవారకి వెళ్లి చూశాడో లేదో నాకు తెలియదు. నేను మాత్రం వెళ్లకుండానే తీసుకుంటానన్నాను. చట్టంలో నాకు తప్పు కనబడలేదు. ఇల్లూ వాకిలీ వదిలి పడుచుదనమంతా కొండల మీద గడిపినవాడికి తిరిగొచ్చాక కాళ్ల కింద కాస్త నేల ఉండాలని ఎవరో మంచిమనసుతోనే రాసి ఉంటారు. ఆ మంచి నా దాకా వచ్చేసరికి ఇంకొకరి చెట్ల మీదుగా వచ్చింది.

భూమి వదులుకుంటానని ఆఫీసుకి వెళ్లాను. అక్కడి గుమాస్తా నన్ను వింతగా చూశాడు. చెడ్డవాడేం కాదు, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "వదులుకుంటే అది వాళ్లకి వెళ్లదండీ, మళ్లీ ప్రభుత్వానికి వస్తుంది. మీ వెనకాల ఇంకొకరు అడుగుతున్నారు. ఆయన మీలా ఆలోచించడు, జేసీబీతోనే దిగుతాడు" అన్నాడు.

"మరి వాళ్ల అర్జీ?"

"ఇచ్చేసిన భూమికి అర్జీ ఏంటండీ?" అని, తనే ఒక ఉపాయం చెప్పాడు. మాజీ సైనికుడికిచ్చిన భూమిని పదేళ్లు దాటితే అమ్ముకోవచ్చు. అంతవరకూ నా పేరు మీదే ఉంచి, ఆ తర్వాత వాళ్ల పేరు మీదికి రాసేస్తే సరిపోతుంది. ఈలోగా వాళ్ల జోలికి ఎవరూ రాలేరు.

ఆ ఉపాయం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఇంటికొస్తూ బండి మీద నన్ను నేను మెచ్చుకున్నాను. దొంగలా వచ్చినవాణ్ని కాపలాదారుగా మారిపోయాను కదా అని. మా ఆవిడకి చెబితే పెదవి విరిచింది గాని, "నానూ వొస్తాను, ఓసారి సూస్తాను" అంది. ఎవరి కోసం తన నేల వదులుకుంటోందో చూడాలనుకుందేమో.

మేం వెళ్లేసరికి అత్తాకోడళ్లు చెట్ల కింద కూర్చుని పండు నుంచి పిక్క మెలిపెట్టి తీస్తున్నారు. ముసలావిడ నన్ను చూస్తూనే లేచి ఎదురొచ్చింది. "ఓలమ్మో, మిలట్రీ బావు! పెల్లాన్ని కూడా తెచ్చినావా? రాయే అమ్మా, రా." మా ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తన పక్కన చాప మీద కూర్చోబెట్టుకుంది. ఒక పండు ఉప్పు రాసి ఆమె చేతిలో పెట్టింది. "మా కాయితం ఎంతవరకొచ్చిందిరా బావూ?" అని నన్ను అడిగింది.

చెప్పాను. ఈసారి ఏమీ దాచకుండా చెప్పాను. భూమి నా పేరు మీద రాసేశారని, అది ఇలా ఉందని నాకు తెలియదని, మొన్న వచ్చినప్పుడు సిగ్గుతో నోరు రాలేదని, వదిలేస్తే ఇంకొకడికి పోతుందని, పదేళ్లు ఆగితే మీ పేరు మీదికే రాసిస్తానని, అంతవరకూ మీరే దున్నుకోండి, మీరే ఏరుకోండి, మాకేమీ వద్దని. బండి మీద మనసులో వల్లెవేసుకున్నదంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఇది శుభవార్తే అనుకుంటున్నాను.

కోడలు చేతిలో పిక్క సగం మెలి తిరిగి ఆగిపోయింది. ముసలావిడ నా మొహం వంక చూసింది, నా ప్యాంటు వంక చూసింది, తర్వాత చెట్ల వంక చూసింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది, నాకు తిట్లు పడటం అలవాటే. ఆమె నెమ్మదిగా చేత్తో నేల నొక్కి చాప మీద నుంచి లేచింది. కొంగు తలమీదికి లాక్కుంది. రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. కోడలు కూడా లేచి ఆమె వెనకాల నిలబడింది. చాప మీద మా ఆవిడ ఒక్కతే మిగిలింది, సగం కొరికిన పండు చేతిలో పట్టుకుని.

"మరైతే ఈ ఏడు పిక్క ఏరుకోమంతారా, బాబుగారూ?" అంది.

అంతవరకూ నన్ను ఒరే బావూ అన్న మనిషి. నా చెయ్యి పట్టుకున్న మనిషి. నేనేం చెప్పినా ఆమె చెవికి ఒక్కటే ఎక్కింది, ఇక మీదట ఈ చెట్ల కింద కూర్చోవాలంటే నన్ను అడగాలని. అది తప్పూ కాదు. పదేళ్లపాటు నాకు బుద్ధి మారదని ఆమెకేం నమ్మకం? నేను పోతే నా వెనకాలవాళ్లు ఈ మాట నిలబెడతారని నాకు మాత్రం ఏం నమ్మకం?

"ఏరుకోండమ్మా" అన్నాను. అన్నాక వినబడింది, నేను అనుమతి ఇచ్చానని. సిగ్గుతో చచ్చిపోయాను. సైన్యంలో ఎందరో అధికారులకి సెల్యూట్ కొట్టాను గాని, నా ముందు ఎవరైనా అలా నిలబడటం నాకు అదే మొదలు.

వచ్చేస్తుంటే ఆమె కోడలికేదో చెప్పింది. కోడలు పరుగున వెళ్లి ఎండిన పిక్క గోనెలో పోసి, మూట కట్టి తెచ్చి నా బండి పక్కన దించింది.

"మాకొద్దమ్మా. సెప్పినాను కదా, మాకేటొద్దు. తీసేయండి" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

ముసలావిడ మొహంలో రంగు పోయింది. నన్ను వదిలేసి మా ఆవిడ వైపు తిరిగింది. "తక్కువైనాదేటమ్మా? ఇంకో మూట కట్టించమంతారా?" అని అడిగింది.

పాలు మనదే అని నాతో వాదించిన మా ఆవిడ తల ఎత్తలేకపోయింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ నాకు మాత్రమే వినబడేలా అంది. "తీసుకో బావా. నువ్వు తీసుకోపోతే ఎళ్లగొట్టేస్తావనుకుంతారు. ఆళ్లకి నిద్దర పట్టదు."

నేను వంగి ఆ మూట ఎత్తి బండి వెనకాల పెట్టుకుని, తాడు లాగి కట్టాను. అప్పుడు గాని ఆ ముసలావిడ కూర్చోలేదు.